మ్యాప్ మీద గీసిన చెరువుని టెక్స్ట్‌గా మార్చడం ఎలా (ఎకరాల లెక్క తప్పకుండా)

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల లెక్కలు పెట్టుకోడానికి చిన్న వెబ్ పేజీ ఒకటి చేశాను. రైతు మ్యాప్ మీద తన చెరువు గట్టు మూలలు నొక్కుతాడు, బొమ్మ పడుతుంది, సేవ్ కొడితే విస్తీర్ణం చూపిస్తుంది, అంతే దాని పని. పెట్టిన రెండో రోజే ఒకాయన ఫోన్ చేసి "ఏవండీ, మూడెకరాల చెరువండీ మాది, మీ దాంట్లో 45 సెంట్లు అంటందేంటండీ" అన్నారు. కోడ్‌లో ఎర్రర్ లేదు, లాగ్ శుభ్రంగా ఉంది, డేటాబేస్ కిక్కురుమనకుండా తీసేసుకుంది. గంట తర్వాత తేలిందేంటంటే ఆయన చెరువు ఆర్కిటిక్ సముద్రంలో, స్వాల్‌బార్డ్ దీవులకి ఇంకా ఉత్తరాన ఉంది. బొమ్మని టెక్స్ట్‌గా మార్చే ఒక్క లైన్ నేను చేత్తో రాసిన పాపం అది. ఆ లైన్ ఎలా రాయాలో, రాశాక ఏం చూసుకోవాలో చెప్తా. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ముందు ఆ టెక్స్ట్‌ని ఒకసారి కళ్ళారా చూడండి

మ్యాప్ ఆకారాలని టెక్స్ట్‌గా రాసే పద్ధతుల్లో ఆకారాలు దాచే దాదాపు అన్ని డేటాబేస్‌లకీ అర్థమయ్యేది వెల్ నోన్ టెక్స్ట్, పొట్టిగా డబ్ల్యూకేటీ. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం వాళ్ళ స్టాండర్డ్‌లో ఉంది కాబట్టి పోస్ట్‌జీఐఎస్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మ్యాప్ పనులు నేర్పే ఎక్స్‌టెన్షన్), మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, క్యూజీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాప్‌లు చూసే, గీసే సాఫ్ట్‌వేర్), పైథాన్ లైబ్రరీ షేప్లీ అన్నీ చదువుతాయి. ఇలా ఉంటుంది:

పాయింట్ (81.52 16.54)

లైన్‌స్ట్రింగ్ (81.52 16.54, 81.521 16.54)

పాలిగాన్ ((81.52 16.54, 81.521 16.54, 81.521 16.541, 81.52 16.541, 81.52 16.54))

పాయింట్ అంటే ఏరేటర్ ఉన్న చోటు అనుకోండి, లైన్‌స్ట్రింగ్ అంటే పంట కాలువ, పాలిగాన్ అంటే చెరువు. ఒక మూలలోని రెండు నంబర్ల మధ్య ఖాళీ, మూలకీ మూలకీ మధ్య కామా, దీన్ని తారుమారు చేస్తే పార్స్ ఎర్రర్ వస్తుంది, అది మంచిదే, కనీసం అరుస్తుంది. పాలిగాన్‌కి బ్రాకెట్లు రెండేసి ఎందుకంటే లోపలి బ్రాకెట్ ఒక రింగు, బయటి బ్రాకెట్ ఆ రింగులన్నిటినీ కలిపి పట్టుకునేది. మొదటి రింగు బయటి గట్టు, దాని తర్వాత వచ్చే ప్రతి రింగూ ఒక బొక్క.

బొక్క అంటే ఏంటో మన మ్యాప్‌లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గీస్తే గోదావరి పక్కన యానాం దగ్గర బొక్క పడాలి, ఎందుకంటే అది పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది మాత్రం ఆంధ్రానే. ఆ రెండో రింగు మర్చిపోతే యానాంలో నిలబడి ఫోన్ తీసినవాడికి మీ యాప్ ఆంధ్రప్రదేశ్ అని చూపిస్తుంది. అదే పుదుచ్చేరి వైపు నుంచి గీస్తే ఒక పాలిగాన్‌తో పనే జరగదు, పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు పక్కన, మాహే కేరళలో, యానాం ఇక్కడ, కాబట్టి అది మల్టీపాలిగాన్, దానికి బ్రాకెట్లు మూడేసి. కాలమ్ టైప్ పాలిగాన్ అని పెట్టుకుని మల్టీపాలిగాన్ తోస్తే పోస్ట్‌జీఐఎస్ టైప్ కలవలేదని వెనక్కి కొడుతుంది, ఊళ్ళూ మండలాలూ జిల్లాలూ పెట్టే టేబుల్ అయితే మొదటి నుంచే మల్టీపాలిగాన్ కాలమ్ పెట్టుకోండి, తర్వాత మార్చడం తలనొప్పి.

ఏ నంబర్ ముందు

నేను బోర్లా పడింది ఇక్కడే. డబ్ల్యూకేటీలో ఎక్స్ ముందు, వై తర్వాత, అంటే రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. భీమవరం దగ్గర రేఖాంశం 81.5, అక్షాంశం 16.5 కాబట్టి పెద్ద నంబర్ ముందు రావాలి. కానీ మనం నోటితో చెప్పేది లాట్ లాంగ్ అని, అంటే అక్షాంశం ముందు, లీఫ్‌లెట్ (బ్రౌజర్‌లో మ్యాప్ చూపించడానికి నేను వాడిన లైబ్రరీ) ఇచ్చేది లాట్ లాంగ్, గూగుల్ మ్యాప్స్‌లో కాపీ చేస్తే వచ్చేదీ లాట్ లాంగ్. జియోజేసన్ (ఆకారాలని జేసన్‌లో రాసే ఫార్మాట్) మాత్రం మళ్ళీ రేఖాంశం ముందు, 2016లో వచ్చిన దాని స్టాండర్డ్ ఆర్ఎఫ్‌సీ 7946లో అలాగే రాసి ఉంది. లీఫ్‌లెట్ గెట్‌లాట్‌లాంగ్స్ ఇచ్చిన అర్రేని తీసుకుని లాట్, ఖాళీ, లాంగ్, కామా అని అతికించుకుంటూ పోయానంటే చెరువు ఆర్కిటిక్‌కి పోక ఎక్కడికి పోతుంది.

దీంట్లో మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక గండం ఉంది. అక్షాంశం 90 దాటకూడదు కాబట్టి గౌహతిలో పనిచేసేవాడు నంబర్లు తిరగేస్తే 91 పైన అక్షాంశం వస్తుంది, సరిచూసే డేటాబేస్ ఏదైనా ఎర్రర్ ఇస్తుంది. మన రెండు రాష్ట్రాల రేఖాంశాలు సుమారు 77 నుంచి 85 దాకా, అన్నీ 90 లోపే, అంటే తిరగేసినా అది చెల్లే అక్షాంశమే. చార్మినార్ 78.4747, 17.3616. తిరగేస్తే నార్వే వాళ్ళ స్పిట్స్‌బర్గెన్ దీవిలో పడుతుంది, ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు. తిరుపతి కూడా ఆ దీవి దగ్గరికే వెళ్తుంది. విశాఖపట్నం తిరగేస్తే సముద్రమే. ఒక్కటి కూడా అరవదు.

మైఎస్‌క్యూఎల్ 8 వాడేవాళ్ళకి ఇంకో మెలిక. అక్కడ ఎస్‌ఆర్‌ఐడీ 4326 (ఈ నంబర్లు మామూలు జీపీఎస్ డిగ్రీలు అని చెప్పే కోడ్) అని చెప్పి టెక్స్ట్ ఇస్తే అది అక్షాంశం ముందు ఉందనుకుని చదువుతుంది. పోస్ట్‌జీఐఎస్ కోసం సరిగ్గా రాసిన టెక్స్ట్ అక్కడ తప్పవుతుంది. టెక్స్ట్‌ని జామెట్రీగా (డేటాబేస్ దాచుకునే ఆకారంగా) మార్చే ఎస్‌టీ_జియోమ్‌ఫ్రమ్‌టెక్స్ట్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా యాక్సిస్-ఆర్డర్=లాంగ్-లాట్ అని ఇస్తే మాట వింటుంది. రాసేటప్పుడే కాదు, ఎస్‌టీ_యాజ్‌టెక్స్ట్‌తో మళ్ళీ టెక్స్ట్‌గా బయటికి తీసేటప్పుడు కూడా ఇదే ఆప్షన్ ఇవ్వాలి, ఒక వైపు ఇచ్చి ఒక వైపు మర్చిపోతే ఇంకా గందరగోళం.

బ్రౌజర్‌లో మార్చడం

లీఫ్‌లెట్‌లో డబ్ల్యూకేటీ రాసే ఫంక్షన్ సొంతంగా ఏదీ లేదు. చేత్తో అతికించకండి, నా సంగతి చూశారుగా. గీసిన లేయర్ మీద టుజియోజేసన్ పిలవండి, అది రెండు పనులు మీ కోసం చేసి పెడుతుంది: నంబర్ల వరస సరిచేస్తుంది, రింగు మూసేస్తుంది. రింగు మూయడం అంటే మొదటి మూలని చివర్లో మళ్ళీ రాయడం, పైన పాలిగాన్‌లో 81.52 16.54 రెండు సార్లు వచ్చింది చూడండి, నాలుగు మూలల చెరువుకి ఐదు జతలు ఉండాలి. లీఫ్‌లెట్‌లో గెట్‌లాట్‌లాంగ్స్ ఆ ఐదోది ఇవ్వదు, గూగుల్ మ్యాప్స్ పాత్ కూడా ఇవ్వదు, బొమ్మలో మాత్రం మూసినట్టే కనబడుతుంది. అలాగే పంపితే పోస్ట్‌జీఐఎస్ రింగులు మూసి లేవని తిప్పి కొడుతుంది.

టుజియోజేసన్ ఇచ్చిన ఫీచర్‌లో జామెట్రీ అనే ముక్క ఒక్కటే తీసి వెల్‌నోన్ అనే చిన్న లైబ్రరీలో స్ట్రింగిఫైకి ఇవ్వండి, డబ్ల్యూకేటీ చేతికొస్తుంది. వెనక్కి మార్చాలంటే అందులోనే పార్స్ ఉంది. అసలు మీ డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్ ఒక్కటే అయితే జియోజేసన్‌నే నేరుగా పంపి ఎస్‌టీ_జియోమ్‌ఫ్రమ్‌జియోజేసన్‌తో తీసుకోవచ్చు, మధ్యలో డబ్ల్యూకేటీ అక్కర్లేదు కూడా. నేను మాత్రం డబ్ల్యూకేటీ వాడతా, ఎందుకంటే లాగ్‌లో ఒక్క లైన్‌లో కంటికి కనబడుతుంది, సీఎస్‌వీలో పడుతుంది, ఫోన్లో అవతలి వాడికి చదివి కూడా వినిపించొచ్చు.

ఓపెన్‌లేయర్స్ (లీఫ్‌లెట్ లాంటిదే ఇంకో మ్యాప్ లైబ్రరీ) వాడేవాళ్ళకి డబ్ల్యూకేటీ ఫార్మాట్ లోపలే ఉంది, రైట్‌జామెట్రీ అంటే చాలు. కానీ ఆగండి. ఓపెన్‌లేయర్స్ మామూలుగా మ్యాప్‌ని వెబ్ మెర్కేటర్‌లో, అంటే 3857లో ఉంచుతుంది, అది డిగ్రీలు కాదు, ఒక రకం మీటర్లు. మన చెరువు మూల 81.52 బదులు 90 లక్షల 74 వేల చిల్లర, 16.54 బదులు 18 లక్షల 67 వేల చిల్లరగా వస్తుంది. టెక్స్ట్‌లో లక్షలు కనబడ్డాయంటే ప్రొజెక్షన్ మార్చడం మర్చిపోయారన్నమాట. రాసేటప్పుడు ఆప్షన్స్‌లో ఫీచర్‌ప్రొజెక్షన్‌కి 3857, డేటాప్రొజెక్షన్‌కి 4326 ఇవ్వండి, డెసిమల్స్ 6 అని కూడా అక్కడే ఇచ్చేయొచ్చు.

వృత్తం గీస్తే?

రైతు వృత్తం గీశాడు, సేవ్ చేస్తే ఒక్క చుక్క మిగిలింది. మామూలు డబ్ల్యూకేటీలో వృత్తానికి చోటు లేదు, జియోజేసన్‌లోనూ లేదు, లీఫ్‌లెట్ వృత్తాన్ని జియోజేసన్ చేస్తే సెంటర్ పాయింట్ మిగిలి వ్యాసార్థం ఎగిరిపోతుంది. రెండు దార్లు: పాయింట్‌తో పాటు వ్యాసార్థాన్ని వేరే కాలమ్‌లో దాచుకోవడం, లేదా టర్ఫ్ లైబ్రరీలోని సర్కిల్‌తో దాన్ని బోలెడు మూలల పాలిగాన్‌గా మార్చేయడం, ఊరికే వదిలేస్తే 64 మూలలతో ఇస్తుంది. డెలివరీ పరిధి లాంటివి తర్వాత మార్చాల్సి వస్తాయి కాబట్టి నేనైతే మొదటి దారే తొక్కుతా. 3857 మీటర్లలో 1000 అని వృత్తం గీసి కిలోమీటర్ అనుకోకండి, హైదరాబాద్ దగ్గర అది నేల మీద 954 మీటర్లే.

ఎన్ని దశాంశాలు

పైథాన్‌లో షేప్లీ ఆకారానికి చివర చుక్క పెట్టి డబ్ల్యూకేటీ అంటే టెక్స్ట్ వస్తుంది, అయితే చుక్క తర్వాత పది పదిహేను అంకెలు కూడా రావచ్చు. ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. దాంట్లో ఆరో దశాంశం 11 సెంటీమీటర్లు, ఐదోది 1.1 మీటర్, నాలుగోది 11 మీటర్లు. ఫోన్ జీపీఎస్ ఆకాశం బాగా కనబడే చోట కూడా 5 మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, అలాంటిది పదిహేను దశాంశాలు ఎవరి కోసం? ఆరు చాలు. షేప్లీలో టు_డబ్ల్యూకేటీకి రౌండింగ్_ప్రెసిషన్ 6 ఇవ్వండి, పోస్ట్‌జీఐఎస్‌లో ఎస్‌టీ_యాజ్‌టెక్స్ట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా 6 ఇవ్వండి, లేకపోతే 15 దాకా పోతుంది.

అలాగని నాలుగుకి దించకండి. పక్కపక్క చెరువులకి గట్టు ఉమ్మడి, ఒకటి ఆరుకి, ఇంకొకటి నాలుగుకి గుండ్రం చేస్తే మధ్యలో సన్నటి చీలిక పడుతుంది, లేదా ఒకరి చెరువు ఇంకొకరి దాంట్లోకి 5 మీటర్లు జరుగుతుంది. గట్టు తగాదాలు ఊళ్ళో ఉన్నవి చాలు.

డేటాబేస్‌కి పంపడం, వెనక్కి తీయడం

ఎస్‌టీ_జియోమ్‌ఫ్రమ్‌టెక్స్ట్‌కి రెండు ఇవ్వండి, ఒకటి టెక్స్ట్, రెండోది 4326. ఆ 4326 ఎందుకంటే డబ్ల్యూకేటీలో ఆ నంబర్లు డిగ్రీలో మీటర్లో ఎక్కడా రాసి ఉండదు, అది మీరే చెప్పాలి. పోస్ట్‌జీఐఎస్‌లో ఎస్‌టీ_యాజ్‌ఈడబ్ల్యూకేటీ వాడితే టెక్స్ట్ ముందు ఎస్‌ఆర్‌ఐడీ=4326; అని తగిలిస్తుంది, పోస్ట్‌జీఐఎస్ నుంచి పోస్ట్‌జీఐఎస్‌కి అయితే భేషుగ్గా ఉంటుంది, వేరే సాఫ్ట్‌వేర్‌కి పంపాలంటే ఆ ముక్క తీసేయండి. టెక్స్ట్‌ని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకుండా పారామీటర్‌గానే పంపండి, బ్రౌజర్ నుంచి వచ్చేదేదైనా సరే. కొత్తవాళ్ళు సెలెక్ట్ కొట్టి 0103తో మొదలయ్యే పొడుగాటి తోక చూసి డేటా పాడైందని కంగారు పడతారు, పాడవలేదు, అది బైనరీని అలా చూపిస్తోంది, ఎస్‌టీ_యాజ్‌టెక్స్ట్‌లో చుట్టి అడగండి.

గూగుల్ ఎర్త్‌లో గీసి కేఎంఎల్ ఫైల్ తెచ్చేవాళ్ళకి ప్రతి మూలకీ మూడో నంబర్ వస్తుంది, ఎత్తు, ఎక్కువసార్లు సున్నా. టెక్స్ట్ పాలిగాన్ జెడ్ అయిపోతుంది, రెండు కొలతల కాలమ్ దాన్ని తీసుకోదు, ఎస్‌టీ_ఫోర్స్2డీతో ఆ సున్నాలు తీసేయండి.

ఇక డమరుకం. చెరువు మూలలు వరసగా కాకుండా అడ్డంగా నొక్కితే గీతలు మధ్యలో ఒకదాన్నొకటి కోసుకుంటాయి, శివుడి చేతిలో డమరుకంలా. టెక్స్ట్ చూస్తే ఏ లోపం ఉండదు, బ్రాకెట్లు సరే, రింగు మూసే ఉంది, అయినా ఆకారం చెల్లదు. ఎస్‌టీ_ఈజ్‌వాలిడ్ అడిగితే కాదంటుంది, ఎస్‌టీ_ఈజ్‌వాలిడ్‌రీజన్ అయితే ఎక్కడ కోసుకుందో ఆ చోటు కూడా ఇస్తుంది. ఎస్‌టీ_మేక్‌వాలిడ్ బాగు చేస్తుంది కానీ డమరుకాన్ని రెండు త్రికోణాలుగా విడగొట్టి మల్టీపాలిగాన్ ఇస్తుంది, రైతు గీయాలనుకున్న చతురస్రం అది కాదు కదా. అందుకని నేను బాగు చేయను, సేవ్ ఆపేసి "మూలలు గట్టు వెంబడి వరసగా నొక్కండి" అని చూపిస్తాను.

ఎకరాలతో పరీక్ష

ఆ ఫోన్ కాల్ తర్వాత పెట్టుకున్న అలవాటు ఇది. పైన రాసిన నాలుగు మూలల పాలిగాన్‌నే పరీక్ష చెరువుగా ఉంచుకున్నా. నేల మీద అది సుమారు 107 మీటర్లు ఇంటూ 111 మీటర్లు, 11,812 చదరపు మీటర్లు. ఎకరం 4046.86 చదరపు మీటర్లు కాబట్టి 2 ఎకరాల 92 సెంట్లు. టెక్స్ట్‌ని జామెట్రీగా మార్చి, దాన్ని జియోగ్రఫీ టైప్‌కి (భూమి గుండ్రతనం లెక్కేసి మీటర్లలో కొలిచేది) తిప్పి ఎస్‌టీ_ఏరియా అడిగి 4046.86తో భాగిస్తే ఇంచుమించు 2.92 రావాలి.

0.45 వచ్చిందా, నంబర్లు తిరగబడ్డాయి. ధ్రువం దగ్గరికి వెళ్ళేకొద్దీ రేఖాంశాలు ఇరుకవుతాయి కాబట్టి 107 మీటర్ల వైపు 16 మీటర్లకి కుంచించుకుపోతుంది, ఆ రైతుకి కనబడిన 45 సెంట్లు అదే. 3.19 వచ్చిందా, 3857లోనే విస్తీర్ణం కొలిచేశారు, 27 సెంట్లు ఉత్తినే పెరిగాయి. ఇది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి నమ్మేలా ఉంటుంది, పైగా ఎక్కువ చూపిస్తే ఎవరూ ఫోన్ చేయరు. 0.000001 లాంటిది వచ్చిందా, జియోగ్రఫీకి తిప్పకుండా డిగ్రీల్లోనే కొలిచి దాన్ని భాగించడం కూడా మర్చిపోయారు.

ఇంకో పరీక్ష రానుపోను. టెక్స్ట్‌ని జామెట్రీ చేసి, మళ్ళీ టెక్స్ట్ చేసి రెండూ ఒకటేనా చూడటం. ఇక్కడ స్ట్రింగులని స్ట్రింగులుగా పోల్చకండి, ఒకడు పాలిగాన్ అన్నాక ఖాళీ పెడతాడు ఒకడు పెట్టడు, 81.520000 ఒకచోట 81.52 ఇంకోచోట, ఒకే చెరువుని ఒక లైబ్రరీ ఈశాన్యం మూల నుంచి మొదలెడితే ఇంకోటి నైరుతి నుంచి మొదలెడుతుంది. ఎస్‌టీ_ఈక్వల్స్‌తో పోల్చండి. రెండు చెరువుల ఉమ్మడి భాగం అడిగితే అవి తగలకపోయినా పాలిగాన్ ఎంప్టీ అనే టెక్స్ట్ వస్తుంది, అది నల్ (అసలు విలువే లేకపోవడం) కాదు, కాబట్టి నల్ కాకపోతే చాలు అని చెక్ పెట్టినవాళ్ళు దొరికిపోతారు.

కంటితో చూడాలంటే క్యూజీఐఎస్‌లో క్విక్ డబ్ల్యూకేటీ ప్లగిన్ వేసుకుని టెక్స్ట్ పేస్ట్ చేయండి, వెనకాల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పెట్టుకుంటే చెరువు భీమవరంలో ఉందో ఆర్కిటిక్‌లో ఉందో తెలిసిపోతుంది.

సీఎస్‌వీ, ఎక్సెల్

ఎవరో ఒకరు ఎక్సెల్‌లో ఇవ్వమంటారు, తప్పదు. డబ్ల్యూకేటీ నిండా కామాలే కాబట్టి సీఎస్‌వీలో ఆ గడిని డబుల్ కోట్స్‌లో పెట్టాలి, సీఎస్‌వీ లైబ్రరీతో రాస్తే అదే పెడుతుంది, ప్రింట్‌తో రాస్తే చెరువు పది కాలమ్‌లకి పారుతుంది. ఎక్సెల్ గడిలో 32,767 అక్షరాలే పడతాయి. ఆరు దశాంశాలతో ఒక మూలకి 20 అక్షరాలు పైనే అవుతుంది కాబట్టి దాదాపు 1500 మూలలు దాటిన ఆకారం అందులో పట్టదు. చెరువుకి పర్లేదు, జిల్లా సరిహద్దుకి ఏ మూలకీ చాలదు. ముందు ఎస్‌టీ_సింప్లిఫైప్రిజర్వ్‌టోపాలజీకి 0.0001 ఇచ్చి పలచన చేయండి, అంటే 11 మీటర్ల లోపు వంకరలు పోతాయి, జిల్లా మ్యాప్‌లో అది కనబడదు. పక్కపక్క జిల్లాలని విడివిడిగా పలచన చేస్తే ఉమ్మడి హద్దు రెండు రకాలుగా రావచ్చని మాత్రం గుర్తుంచుకోండి. అప్పటికీ పట్టకపోతే ఎక్సెల్‌లో పేరూ ఎకరాలూ ఐడీ వరకే ఇచ్చి, ఆకారాలు వేరే సీఎస్‌వీలో పంపండి, క్యూజీఐఎస్‌లో డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌గా తెరిచి జామెట్రీ దగ్గర డబ్ల్యూకేటీ ఎంచుకుంటే బొమ్మలు పడతాయి. అది అడిగేటప్పుడు సీఆర్‌ఎస్ (నంబర్లు ఏ కొలతలోవో చెప్పే చోటు) దగ్గర 4326 ఉందో లేదో చూసి అప్పుడు ఓకే కొట్టండి.